ఐదో కారణం

తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా కిడ్నీలు పాడయ్యాయంటే ఆ ఇంటివాళ్లు బెంగళూరుకో, తిరుపతికో, వేలూరుకో బస్సెక్కాల్సిందే. కదిరికీ మదనపల్లెకూ నడుమ వేరుశనగను, వానను నమ్ముకుని బతికే మెట్టనేల ఇది. అప్పో సప్పో చేసి, ప్రభుత్వ ఆరోగ్య పథకం సాయం దొరికితే దాన్ని పట్టుకుని, తల్లిదో భార్యదో కిడ్నీ పెట్టించుకుని తిరిగొస్తారు. అలా వచ్చినవారిలో ఒకరు పదిహేనేళ్లు తన పని తాను చేసుకుంటూ గడుపుతారు. మరొకరు రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ డయాలిసిస్ మంచం మీదికి చేరతారు. ఎందుకీ తేడా అంటే ఊళ్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. మొదటివాడు పెట్టిపుట్టాడు, రెండోవాడికి అంతే రాసిపెట్టి ఉంది. కాస్త కటువైన నోళ్లయితే ఏ జన్మలో ఏ పాపం చేశాడో అంటాయి. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి ఆ ఇంటి మీద కోపమేమీ ఉండదు. దుఃఖానికి ఏదో ఒక అర్థం చెప్పుకోకపోతే మనసు నిలవదు గనక అంటారు. అయినా ఆ జవాబును ఒప్పుకోకూడదని నా వాదన. వైద్యం పేరు చెప్పి మతాన్ని పక్కకు నెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. మన శాస్త్రాలే దైవానికి ఒక స్థానం చూపించాయి, అక్కడికి చేరేముందు మనిషి చూసుకోవలసిన వాటిని వరుసగా చెప్పాయి. ఆ వరుసను వదిలేసి ముందే దైవం పేరెత్తడం భక్తి అనిపించుకోదు, బాధ్యత తప్పించుకోవడం అవుతుంది.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో, ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. మొదటిది అధిష్ఠానం, అంటే పనికి ఆధారమైన శరీరం. రెండోది కర్త. మూడోది కరణాలు, అంటే పనికి ఉపయోగపడే సాధనాలు. నాలుగోది రకరకాల చేష్టలు, అంటే ప్రయత్నాలు. ఐదోది దైవం. మాటతోనో మనసుతోనో ఒంటితోనో మనిషి తలపెట్టే ప్రతి పనికీ, అది మంచిదైనా చెడ్డదైనా, హేతువులు ఈ ఐదేనట. ఇక్కడ దైవం అంటే ఇంద్రియాలకు అనుగ్రహమిచ్చే ఆదిత్యాది దేవతలని శంకరాచార్యులు భాష్యం చెప్పారు. లోపల ఉండి నడిపించే పరమాత్మ అని రామానుజాచార్యులు చెప్పారు. పూర్వకర్మ అని అర్థం చెప్పుకునేవారూ ఉన్నారు. ఏ అర్థం తీసుకున్నా రెండు సంగతులు మారవు. దైవం ఐదింటిలో ఒకటి, మిగతా నాలుగింటినీ మింగేసేది కాదు. పైగా అది వరుసలో చివరిది. ఆత్మ కర్త కాదని తెలియజెప్పడానికే ఈ సందర్భం వచ్చిందని వేదాంతులు గుర్తుచేస్తారు. ఆ మాట నిజమే. అయితే ఆ సత్యాన్ని చెప్పడానికి ముందు పని ఎలా ఫలిస్తుందో గీత విడమరచి చూపించింది. ఆ విడమరుపును కిడ్నీ మార్పిడి ముందు పెట్టి చూస్తే, మనం తలరాత అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్న దానిలో ఎంత భాగం మనిషి చేతిలో ఉందో తెలుస్తుంది.

మొదట శరీరం. పరాయి కణాన్ని గుర్తుపట్టి చంపడం ఆరోగ్యమైన ఒంటి స్వభావం. ఆ గుణమే లేకపోతే చిన్న జ్వరానికే మనిషి పోతాడు. మార్పిడిలో చిక్కంతా అక్కడే ఉంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం రొనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. ప్రపంచంలో విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి అది. అన్నదమ్ములిద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కావడమే ఆ విజయానికి మూలం. ముందుగా ఒకరి చర్మం ముక్కను మరొకరికి అతికి, ఒళ్లు దాన్ని తోసెయ్యలేదని తేల్చుకున్నాకే డాక్టర్లు కత్తి పట్టారు. కవలలు కానివారి విషయంలో పోలిక ఎంత దగ్గరగా ఉందో హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చెబుతుంది. దాత కణాల మీద దాడిచేసే యాంటీబాడీలు గ్రహీత రక్తంలో ముందే ఉన్నాయేమో క్రాస్‌మ్యాచ్ చెబుతుంది. ఆ యాంటీబాడీలు గతంలో ఎక్కించుకున్న రక్తం వల్ల రావచ్చు, అంతకుముందు జరిగిన మార్పిడి వల్ల రావచ్చు, ఆడవాళ్లకైతే గర్భం మోయడం వల్ల కూడా రావచ్చు. ముగ్గురు బిడ్డల్ని కన్న తల్లికి భర్త కిడ్నీ ఒక్కోసారి సరిపడకపోవడానికి ఆమె పాపం కారణం కాదు, ఆ బిడ్డల్ని కడుపున మోయడమే కారణం. దాత వయసు, గ్రహీతకున్న షుగరు, గుండెజబ్బు, మార్పిడికి ముందు డయాలిసిస్ మీద గడిచిన ఏళ్లు, అసలు కిడ్నీలను తినేసిన జబ్బు ఏదన్నది, ఇవన్నీ ఫలితాన్ని అటూ ఇటూ లాగుతాయి. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సుమారుగా పదిహేను నుంచి ఇరవై ఏళ్లు, చనిపోయిన దాత నుంచి తీసినది పది పన్నెండేళ్లు పనిచేస్తుందని వైద్యుల అంచనా. చనిపోయిన దాత కిడ్నీ చల్లటి పెట్టెలో ఎక్కువ గంటలు ఉండిపోతే, అమర్చిన వెంటనే పని మొదలుపెట్టకుండా మొరాయించే అవకాశం పెరుగుతుంది. అంబులెన్సుకు దారి దొరకడం, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉండటం లాంటివి కూడా అలా ఒక మనిషి భవిష్యత్తులో భాగమవుతాయి.

తర్వాతివి కర్త, కరణాలు. పాత కిడ్నీలను సాధారణంగా కదిలించరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెట్టి, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలకు దాని ధమనినీ సిరనూ కలిపి కుడతారు. మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుట్టి, ఆ కుట్టు మానేదాకా లోపల స్టెంట్ ఉంచి, కొన్ని వారాల తర్వాత తీసేస్తారు. రక్తనాళంలో గడ్డకడితే కిడ్నీ గంటల్లో చచ్చిపోతుంది. కుట్టు దగ్గర మూత్రం కారినా, నాళం సన్నబడినా, చుట్టూ లింఫు ద్రవం చేరి నొక్కినా మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావచ్చు. ఇదంతా చేతి నేర్పు, ముందుగా పసిగట్టే కన్ను, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు శ్రద్ధ చూసుకునే విషయం. ఇక ఒంటి దాడిని అణిచే మందులు. 1960ల మొదట్లో అజాథయోప్రిన్ వచ్చాక కవలలు కానివారికీ మార్పిడి చేసే దారి తెరుచుకుంది. మన దేశంలో బతికున్న దాత నుంచి తొలి సఫల మార్పిడి 1971లో వేలూరు సీఎంసీలో జరిగింది. 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు అనుమతి వచ్చింది, ఆ తర్వాత జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ వచ్చింది. చనిపోయిన దాతల కిడ్నీల్లో 1970లలో ఏడాది తర్వాత పనిచేస్తున్నవి దాదాపు సగమే. ఇప్పుడు మంచి కేంద్రాల్లో నూటికి తొంభై పైమాటే. తలరాత సిద్ధాంతాన్ని నమ్మేవారు ఈ మార్పుకు జవాబు చెప్పాలి. ఆ కాస్త కాలంలో రోగుల పూర్వపాపాలు ఒక్కసారిగా తగ్గిపోయాయా? తగ్గినవి పాపాలు కావు, మన అజ్ఞానం తగ్గింది. నిన్న విధి అనుకున్నది ఇవాళ మందు అయింది. ఇవాళ విధి అనుకుంటున్న దాంట్లో కొంత రేపు మందు కావచ్చు. ఈ సంగతి తెలిసినవాడు ఎవరి విషయంలోనైనా విధి అని తేల్చేసే ముందు తటపటాయించాలి.

నాలుగోదైన చేష్ట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తనకల్లులో ఉండే రోగి బతుకంతా ఇక్కడే ఉంది. ఒంటి దాడిని అణిచే మాత్రలు కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి. టాక్రోలిమస్‌ను సాధారణంగా పన్నెండు గంటలకోసారి, ఉదయం తొమ్మిదికి వేసుకుంటే రాత్రి తొమ్మిదికి వేసుకోవాలి. రక్తంలో దాని మోతాదు తగ్గితే ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతుంది, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే ఉదయం మాత్రకు ముందు రక్తం తీసి మోతాదు చూస్తారు. ఆ పరీక్ష కోసం బెంగళూరు వెళ్లేవాడు తెల్లవారకముందే బస్సెక్కాలి, మాత్రను జేబులో పెట్టుకోవాలి, రక్తం ఇచ్చేదాకా వేసుకోకూడదు. అలవాటు కొద్దీ బస్సులోనే వేసేసుకుంటే పరీక్ష తప్పు చెబుతుంది, డాక్టరు మోతాదు తప్పుగా మారుస్తాడు. ఒళ్లు అలా తిరగబడటం, అంటే తిరస్కారం, మొదలైనా చాలాసార్లు నొప్పి ఉండదు. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందని కాగితం మీద చూస్తే తప్ప తెలియదు. ఒళ్లు బాగానే ఉంది కదా అని పరీక్ష వాయిదా వేసినవాడు లోపల నష్టం ముదిరాక గాని ఆస్పత్రికి పోడు. ఊళ్లో ఒళ్లునొప్పులకు ఇచ్చే డైక్లోఫినాక్ సూది కిడ్నీకి చేటు. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు టాక్రోలిమస్‌ను ప్రమాదకరంగా పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దాన్ని బాగా తగ్గించేస్తుంది. పంపర పనస కూడా మోతాదును పెంచగలదు గనక ఈ రోగులు దానికి దూరంగా ఉండాలి. మందులు ఒంటి కాపలాను తగ్గిస్తాయి గనక మూత్రంలో ఇన్ఫెక్షన్, టీబీ, సైటోమెగలో వైరస్, బీకే వైరస్ కాచుకుని ఉంటాయి. మన దేశంలో మార్పిడి తర్వాతి మరణాలకు ఇన్ఫెక్షన్లు పెద్ద కారణం. అంతకుముందు షుగరు లేనివాళ్లకు కూడా ఈ మాత్రల వల్ల షుగరు రావచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ గుండెజబ్బుల మీద, కొన్ని రకాల క్యాన్సర్ల మీద కన్నేసి ఉంచాలి. వీటిలో ఏ ఒక్కటీ నొసటి మీద రాసి లేదు. మందుల చీటీ మీద, ల్యాబ్ కాగితం మీద, బస్సు టికెట్ మీద, అప్పుల పద్దు మీద మాత్రం కనిపిస్తుంది.

ఇలా ఆలోచించడం ఇవాళ్టి వైద్యం నేర్పిన కొత్త పద్ధతి అనుకుంటే పొరపాటు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో ఇదే ప్రశ్న వస్తుంది. మనిషి ఆయుష్షు ముందే ఖరారైపోయిందా అని శిష్యుడు అగ్నివేశుడు ఆత్రేయుణ్ణి అడుగుతాడు. ఆయుష్షు దైవం మీదా పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం మీదా కలిసి ఆధారపడుతుందని గురువు జవాబు. అంతా ఖరారై ఉంటే మందులెందుకు, నియమాలెందుకు, ప్రమాదాల నుంచి తప్పుకోవడమెందుకని ఆయన ఎదురు ప్రశ్నిస్తాడు. బండి ఇరుసును ఉదాహరణగా చూపిస్తాడు. మంచి ఇరుసు తన పని చేస్తూ చేస్తూ కాలం తీరాక అరిగిపోతుంది. దాని మీదే బరువు మించి వేసినా, గుంతల దారిలో తోలినా, కందెన పెట్టకపోయినా నడిమధ్యలో విరుగుతుంది. అమర్చిన కిడ్నీకి ఇంతకన్నా సరిపోయే మాట దొరకదు. దానికీ ఒక సహజమైన ఆయుష్షు ఉంది, అది శాశ్వతం కాదు. అయితే కాలం తీరి ఆగిపోవడం వేరు, కందెన లేక విరిగిపోవడం వేరు. ఆ రెండింటికీ తలరాత అనే ఒకే పేరు పెడితే, విరిగిన ఇరుసు దగ్గర నిలబడి కాలం తీరిందని చెప్పుకున్నట్టే.

అదే అధ్యాయంలో చరకుడు ఇంకో సంగతి చర్చిస్తాడు. వయసు, బలం, ఆహారం, స్వభావం వేర్వేరుగా ఉన్న మనుషులు ఒకే ప్రాంతంలో ఒకేసారి ఒకే జబ్బుతో ఎందుకు పోతారు? గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడివి గనక అవి చెడితే అందరినీ చెరుస్తాయని జవాబు. అవి చెడటానికి మూలం అధర్మమని, పాలకుల అధర్మం కూడా అందులో ఉందని కూడా అంటాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో కుంగిపోయినప్పుడు, పక్కపక్క ఇళ్లలో పుట్టిన అందరూ ఒకే పాపం మూటగట్టుకుని వచ్చారని ఎవరు నమ్మగలరు? అక్కడ కారణం ఇంకా తేలకపోయినా నీరు, నేల, ఎండలో పని మీద పరిశోధన సాగుతోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీరు అందించే పథకం మొదలైంది. ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో బోరునీటి ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుంటే దాన్నీ ఒకప్పుడు రాతే అన్నారు. 1990ల నడిమిలో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు ఇచ్చింది. ఆ పని ఒక ఆధ్యాత్మిక సంస్థ చేసిందన్నది ఇక్కడ గమనించాలి. దైవాన్ని నమ్మినవారే, ఇది మీ కర్మ అని చెప్పి ఊరుకోకుండా గొట్టాలు వేశారు. నమ్మకానికి అదే తగిన రూపం.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది బలమైనదే. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నవాళ్లకు కూడా కిడ్నీ పోతుంది కదా? చనిపోయిన ఒకే దాత నుంచి తీసిన రెండు కిడ్నీలను ఇద్దరికి అమరిస్తే ఒకటి నిలిచి ఒకటి పోవచ్చు. పాత కిడ్నీలను పాడుచేసిన కొన్ని జబ్బులు, ముఖ్యంగా కిడ్నీ వడపోతను దెబ్బతీసే ఎఫ్‌ఎస్‌జీఎస్ లాంటివి, కొత్తదానిలోకి కూడా తిరిగి రావచ్చు, దాన్ని ముందే పక్కాగా చెప్పే పరీక్ష లేదు. ఇక్కడ దైవం అనే మాటకు చోటుందని నేను ఒప్పుకుంటాను, నా వాదనలో అది మొదటినుంచీ ఉంది. ఐదో కారణం ఉందని గీత చెప్పింది, నాలుగే ఉన్నాయనలేదు. మనిషి తెలివికీ ప్రయత్నానికీ అందనిది లోకంలో ఉంది, ఆపరేషన్ టేబుల్ దగ్గర అది డాక్టర్లకే ఎక్కువ తెలుసు. అయితే ఆ అందనిది ఎంతో తెలియాలంటే అందేదాన్ని ముందు పట్టుకోవాలి. నాలుగు లెక్కలు వేశాక మిగిలినదాన్ని దైవం అంటే అది వినయం. లెక్కే వెయ్యకుండా మొత్తాన్నీ దైవం ఖాతాలో రాస్తే, మన బద్ధకాన్నీ మన పిసినారితనాన్నీ దేవుడికి అంటగట్టినట్టు. దేవుణ్ణి నమ్మినవాడికి ఇంతకన్నా తలవంపు లేదు.

రెండో అభ్యంతరం కర్మ సిద్ధాంతం నుంచి వస్తుంది. పూర్వజన్మ కర్మ లేదంటావా అని అడుగుతారు. లేదని నేననడం లేదు. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణంలో వసిష్ఠుడు రాముడికి చెప్పింది గుర్తుచేస్తాను. దైవం అంటే ముందు చేసిన ప్రయత్నమే తప్ప వేరే ఏదో శక్తి కాదని, ఇప్పటి ప్రయత్నం బలమైనదైతే పాతదాన్ని గెలుస్తుందని ఆయన బోధ. కర్మ సిద్ధాంతం తన పనిని తాను దిద్దుకోవడానికి పుట్టింది. నేను చేసేదానికి ఫలం ఉంటుంది గనక జాగ్రత్తగా చెయ్యాలి అనుకోవడం దాని సారం. ఎదుటివాడి బాధ చూసి అతని గతజన్మ చరిత్ర చదివే అధికారం ఆ సిద్ధాంతం ఎవరికీ ఇవ్వలేదు. కర్మ గతి తెలుసుకోవడం కష్టమని గీతే చెబుతుంది. తెలియరానిదాన్ని తెలిసినట్టు చెప్పి, మంచం మీదున్నవాడికి పాపి అని ముద్ర వేయడం కొత్త కర్మ. ఆ ఫలం అన్నవాడిది. పక్కవాడి కష్టం అతని కర్మ అనుకున్నా, ఆ కష్టం చూసి నేనేం చేశానన్నది నా కర్మ. మొదటి దాన్ని నేను మార్చలేను, రెండోది పూర్తిగా నా చేతిలో ఉంది.

మూడో అభ్యంతరం దయతో కూడినది, అందుకే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. తలరాత అన్న మాట తీసేస్తే రోగి మీద నింద పడదా? మాత్రలు సరిగా వేసుకోలేదు గనకే పోయిందని డాక్టరూ చుట్టాలూ అంటే ఆ మనిషి అపరాధ భావంతో కుమిలిపోడా, విధి అనుకుంటే కనీసం మనశ్శాంతి ఉంటుంది కదా? దీనికి జవాబు ఐదు కారణాలు చెప్పిన వెంటనే గీతలోనే ఉంది. ఇన్ని కారణాలుండగా తాను ఒక్కడే కర్త అనుకునేవాడు సరిగా చూడటం లేదని కృష్ణుడు అంటాడు. అంతా విధే అనడం ఎంత తప్పో, అంతా నీ వల్లే అనడం కూడా అంతే తప్పు. మాత్ర మానేసిన చెయ్యి రోగిదే కావచ్చు. ఆ నెల మాత్రలకు డబ్బులు లేకపోవడం, పరీక్షకు పోతే రెండు రోజుల కూలి పోవడం, డాక్టరు రెండు నిమిషాల్లో అర్థంకాని మాటల్లో చెప్పి పంపేయడం, దగ్గరి టౌన్‌లో ఆ మందు దొరక్కపోవడం, వీటన్నిటికీ వేర్వేరు కర్తలున్నారు. బాధ్యతను అందరి మధ్యా న్యాయంగా పంచితే రోగి భుజం మీది భారం తగ్గుతుంది. విధి అన్న మాట ఆ భారాన్ని తగ్గించదు, మిగతావాళ్ల వాటాను కనిపించకుండా చేస్తుంది. ఆ మాట ఎవరి మీద ఎక్కువ పడుతుందో కూడా చూడాలి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 1995 నుంచి 2021 వరకు జరిగిన అవయవ మార్పిళ్ల జాతీయ లెక్కల్లో అవయవం అందుకున్నవాళ్లు ఐదింట నాలుగు వంతులు మగవాళ్లు. ఇచ్చిన భార్యనో తల్లినో, ఆ కిడ్నీ నిలవకపోతే నీ కిడ్నీ అచ్చిరాలేదు అనే నోళ్లు ఉన్నాయి. తన ఒంట్లోంచి కోసి ఇచ్చినామెకు ఆ మాట మిగిల్చే ధర్మం ఏ గ్రంథంలోనూ లేదు.

నాలుగో అభ్యంతరం భక్తుల నుంచి వస్తుంది. దేవుడి మీద భారం వేసినవాడు ధైర్యంగా ఉంటాడు, ఆ ధైర్యమే మందు కదా? ప్రార్థన మనిషిని నిలబెడుతుందనడంలో నాకు సందేహం లేదు. అయితే భారం వేయడం వేరు, మాత్ర పారేయడం వేరు. ఏకాదశికో శివరాత్రికో ఉపవాసమని మాత్రలు ఆపేయడం, నీళ్లు కూడా తాగకుండా ఉండటం కిడ్నీకి కీడు. మన ధర్మగ్రంథాలు వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిది అని లెక్కపెట్టినప్పుడు అందులో నీళ్లున్నాయి, పాలున్నాయి, పండ్లున్నాయి, గురువు మాట ఉంది, ఔషధం కూడా ఉంది. రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు ఖురాను మినహాయింపు ఇచ్చింది. కదిరి నరసింహస్వామి రథోత్సవంలో రథం మీదికి దవనం, మిరియాలు చల్లుతూ వేలమంది ఒకరినొకరు ఒరుసుకుంటారు. కొత్తగా కిడ్నీ పెట్టించుకున్నవాడు మొదటి నెలల్లో ఆ గుంపులోకి వెళ్లకుండా ఇంట్లోనే దండం పెట్టుకుంటే స్వామికి వచ్చే లోటేమీ లేదు. మన పొరుగున గాండ్లపెంట మండలం కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన జీవితమంతా చెప్పింది, మనసు లేని ఆచారం వట్టిదనే. రోగి తెలివిగా చేసే జాగ్రత్త, దేవుడిచ్చిన ఒంటిని కాపాడుకునే ఆచారమే అవుతుంది. పూజారి, మౌల్వీ, పాస్టరు ఈ మాట తమ నోటితో చెబితే, డాక్టరు పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ ఎక్కుతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వాదన సగంలో ఆగినట్టే. డయాలిసిస్ మీద గడిచే ఏళ్లు పెరిగేకొద్దీ మార్పిడి ఫలితం తగ్గుతుందని పైన అనుకున్నాం. ఆ ఏళ్లు ఎందుకు పెరుగుతాయి? కిడ్నీ దొరక్క. బ్రెయిన్ డెత్‌ను మరణంగా గుర్తించే కేంద్ర చట్టం 1994లో వచ్చింది. అయినా చనిపోయాక అవయవాలు ఇచ్చేవాళ్లు మన దేశంలో పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. అవయవం లేకుండా పంపిస్తే వచ్చే జన్మలో ఆ లోటుతో పుడతారన్న భయం ఇంకా ఉంది. ఒంటిని చిరిగిన బట్టతో పోల్చి, విడిచి కొత్తది తొడుక్కోవడమే మరణమని చెప్పిన సంప్రదాయంలో ఈ భయానికి చోటెక్కడిది? కాల్చబోయే కిడ్నీ ఇంకొకరి ప్రాణం నిలిపితే దానం చేసిన పుణ్యమే మిగులుతుంది. మనం ఆస్పత్రి వరండాలో వద్దన్న ప్రతిసారీ ఎక్కడో ఒక రోగి డయాలిసిస్ ఇంకో ఏడాది సాగుతుంది, అతని గుండె ఇంకొంచెం దెబ్బతింటుంది. తర్వాత అతనికి కిడ్నీ అమర్చినా నిలవకపోతే మనమే వెళ్లి పలకరించి తలరాత అంటాం. ఆ రాతలో కొన్ని అక్షరాలు మన చేతివే.

అందుకే ఏ ఇంట్లోనైనా అమర్చిన కిడ్నీ పోయిందని విన్నప్పుడు గీత చెప్పిన వరుసలోనే ప్రశ్నలు వేసుకోవాలని నేను కోరుతున్నాను. ఒంటి పోలికలూ పాత జబ్బులూ ముందే సరిగా చూశారా? చేసిన చేతులకు తగిన అనుభవం, తర్వాత చూసుకునే మనుషులు ఉన్నారా? మందులు ప్రతినెలా అందాయా, పరీక్ష దగ్గర్లో జరిగే ఏర్పాటు ఉందా? ఆ మనిషీ ఇంటివాళ్లూ ఊరూ తమ వంతు ప్రయత్నం చేయగలిగేలా ఎవరైనా తోడ్పడ్డారా? ఈ నాలుగు ప్రశ్నల్లో దేనికి లేదు అన్న జవాబు వచ్చినా, రేపు ఇంకొకరి కోసం దాన్ని సరిచేసే పని మనకుంది. తనకల్లు నుంచి బెంగళూరు దాకా పోకుండా కదిరిలోనే రక్తం తీసి పంపే ఏర్పాటు, మండలంలోని మందుల షాపులో ఈ మాత్రలు ఎప్పుడూ నిల్వ ఉండటం, సూది వేసే ముందు నీకు కిడ్నీ మార్పిడి జరిగిందా అని అడిగే ఆర్‌ఎంపీ, మందుల ఖర్చు మొదటి సంవత్సరంతో ఆగకుండా కిడ్నీ ఉన్నన్నాళ్లూ భరించే ప్రభుత్వం, ఇవి పెద్ద పెద్ద అద్భుతాలు కావు. ఇవన్నీ ఉండి, అందరూ చేయగలిగింది చేశాక కూడా కిడ్నీ నిలవకపోతే, అప్పుడు దైవం అనుకుందాం. ఆ మాట అప్పుడే నిజమవుతుంది. ఓదార్పుగా కూడా అప్పుడే పనికొస్తుంది, ఎందుకంటే ఆ ఇంటివాళ్ల ముందు నిలబడి ఆ మాట అనే అర్హతను మనం సంపాదించుకుని ఉంటాం.